వాగ్దానం కార్డు వెనకాల ఉన్న ఉత్తరం

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది చీరాల దగ్గర ఒక ఊరు. నాకు 36 ఏళ్లు, పిల్లలున్నారు. ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడతాను. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మా సంఘంలో అందరికీ కొత్త ఏడాదికని ఒక్కో బైబిల్ వాక్యం ఉన్న వాగ్దానం కార్డులు ఇచ్చారు. నాకు యిర్మీయా 29:11 వచ్చింది. ఎంతో సంతోషపడ్డాను. మార్చిలో మా ఆయన ఉద్యోగం పోయింది. డ్వాక్రా వాయిదాలు రెండు ఆగిపోయాయి. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు. రోజూ పొద్దున ఫోన్‌లో నాలుగు గ్రూపుల్లో వాక్యాలు వస్తాయి. అన్నీ చదువుతాను, పది నిమిషాలకు ఒక్కటీ గుర్తుండదు. కొన్నిటి కింద "పదిమందికి పంపండి, లేకపోతే ఆశీర్వాదం పోగొట్టుకుంటారు" అని ఉంటుంది. భయపడి పంపేస్తాను. అనుదిన ధ్యానాల పుస్తకం ఒకటి కొన్నాను. మధ్యలో ఇరవై రోజులు తప్పిపోయాను, ఇప్పుడు దాన్ని తెరవాలంటేనే సిగ్గుగా ఉంది. మా ఆయనకు ధైర్యం రావాలని వాక్యాలు పంపిస్తే "నాకు పంపొద్దు" అని విసుక్కుంటున్నారు. మందిరానికీ రావడం లేదు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టదు. నా విశ్వాసం చిన్నదా? ఆ వాగ్దానం నాది కాదా? రోజూ వాక్యం ఎలా చదవాలి?
ఒక సోదరి

జవాబు:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకంటే ముప్పై ఏళ్లు పెద్దదాన్ని, అందుకని నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ ఇరవై రోజుల సంగతి చూద్దాం. నీ మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్నది అదేననిపించింది. నిర్గమకాండం 16వ అధ్యాయంలో దేవుడు జనానికి అరణ్యంలో మన్నా అనే ఆహారం ఇచ్చినప్పుడు ఏ రోజుది ఆ రోజు ఏరుకోమన్నాడు, మనిషికి ఓమెరు అనే ఒక కొలత చొప్పున. రేపటికని దాచినవాళ్లది తెల్లారేసరికి పురుగు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినం ఉంది కాబట్టి ఆరో రోజు మాత్రం రెండింతలు. దాచుకోకూడదని మనకు చిన్నప్పటి నుంచీ సండే స్కూల్లో చెప్పారు. కానీ ఆ అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. నిన్న ఏరుకోలేదు కాబట్టి ఈరోజు రెండూ కలిపి ఏరుకోమని దేవుడు ఎవరినీ అనలేదు. డ్వాక్రా వాయిదా రెండు నెలలు ఆగితే మూడో నెలలో మూడూ కట్టమంటారు. వాక్యానికి అలాంటి పాస్‌బుక్ లేదమ్మా. పుస్తకం తీసి ఈరోజు తారీఖు ఉన్న పేజీ తెరువు. వెనకటి ఇరవై పేజీలను అలాగే వదిలెయ్.

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని ప్రభువు నేర్పించిన ప్రార్థనలో ఉన్నది కూడా ఇదే లెక్క. నేటిది నేడు.

ఇక నీ కార్డు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదువు.

"నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు, ఇదే యెహోవా వాక్కు." ఈ వాక్యాన్ని మన ఇళ్లలో క్యాలెండర్ల మీద, ఆటోల వెనక, పెళ్లి శుభలేఖల మీద చూస్తూనే ఉంటాం. కార్డు మీద అంతవరకే పడుతుంది, ఎందుకంటే కార్డు చిన్నది. నిజానికి అది యిర్మీయా ప్రవక్త రాసిన ఒక ఉత్తరంలో మధ్య వాక్యం. ఆ ఉత్తరం ఎవరికి రాశారో తెలిస్తే నీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి యెకొన్యా రాజునీ, అతని తల్లినీ, అధికారులనీ, శిల్పకారులనీ, కంసాలులనీ చెరపట్టి తీసుకుపోయాడు. అంటే చేతిలో పని ఉన్నవాళ్లను ఏరి మరీ పట్టుకుపోయాడు. చాలా ఏళ్ల తర్వాత ఎజ్రా అనే యాజకుడు బబులోను నుంచి యెరూషలేముకు రావడానికి నాలుగు నెలలు పట్టింది, అంత దూరం. ఊరుకాని ఊళ్లో, భాషరాని చోట కూర్చుని వాళ్లు అడిగింది ఒక్కటే: ఇంటికి ఎప్పుడు వెళ్తాం?

దానికి ఇద్దరు రెండు జవాబులు చెప్పారు. ఒకటి యిర్మీయా గ్రంథంలోనే 28వ అధ్యాయంలో ఉంది. హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ముందూ, రెండేళ్లలో అన్నీ వెనక్కి వస్తాయన్నాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్య కాడిని తీసి విరగ్గొట్టి మరీ చెప్పాడు. వినడానికి ఎంత బాగుంటుందో చూడు. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లన్నాడు. నీ కార్డు మీది వాక్యానికి సరిగ్గా ముందున్న 10వ వచనంలో ఆ మాట ఉంది: డెబ్బై సంవత్సరాలు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని. ఆ ఉత్తరాన్ని విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడలేదు. వాళ్ల పిల్లలూ మనవలూ చూశారు.

మరి అందాకా ఏం చెయ్యాలి? 5వ వచనం నుంచి చదువు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చెయ్యండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. రేపే వెళ్లిపోతాం కదా అని మూట కట్టుకుని కూర్చున్నవాళ్లకు ఇది రుచించే మాట కాదు. అయినా దేవుడు వాళ్లకు అబద్ధం చెప్పలేదు. రెండేళ్లని చెప్పి వాళ్ల నోరు తీపి చేయలేదు.

ఆ వాక్యంలో రెండు మాటలు ఉన్నాయి, మన తెలుగు బైబిల్లో వాటి అందమే వేరు. ఒకటి 'సమాధానం'. బయట ఈ మాటకు జవాబని అర్థం. ప్రశ్న, సమాధానం అంటాం కదా. బైబిల్లో దానికి శాంతి, క్షేమం అని అర్థం. హీబ్రూలో అది షాలోం. నువ్వు ఆ వాక్యాన్ని చదువుతూ నీకు తెలియకుండానే 'జవాబు ఇస్తానన్నాడు' అనుకుని ఉంటావేమో. మా ఆయన ఉద్యోగం సంగతి తేల్చేస్తాడు అని. అక్కడున్నది జవాబు ఇస్తానన్న మాట కాదు, నీ క్షేమం కోరేవాడిని నేను అన్న మాట. నేనీ పేజీలో రాసేది జవాబు మాత్రమే. సమాధానం ఇవ్వడం నా చేతుల్లో లేదు.

రెండోది 'నిరీక్షణ'. మామూలు తెలుగులో నిరీక్షించడమంటే ఎదురుచూడటం. బస్సు కోసం నిరీక్షణ, ఫలితాల కోసం నిరీక్షణ. బైబిల్లో అదే మాట ఆశకు వాడారు. హీబ్రూలో కూడా ఆ మాట ఎదురుచూడటం అనే ధాతువులోంచే వచ్చింది. కార్డు చేతికి వచ్చిన రాత్రి అందరం ఆశనే చూస్తాం. ఎదురుచూపు కూడా ఆ మాటలోనే ఉందని మార్చి నెల వచ్చాక తెలుస్తుంది.

కాబట్టి, ఆ వాగ్దానం నాది కాదా అని అడిగావు. నీదేనమ్మా. కానీ నీ చేతికి వచ్చింది ఉత్తరంలో ఒక ముక్క. "ఈ ఏడాది నీ ఇంటికి కష్టం రాదు" అని దేవుడు ఆ ఉత్తరంలో ఎవరికీ రాయలేదు, నీకూ రాయలేదు. చెరలో ఉన్నవాళ్లకు, చెరలో ఉండగానే, మిమ్మల్ని మరిచిపోలేదని రాశాడు. మార్చిలో ఉద్యోగం పోవడం ఆ వాక్యాన్ని కొట్టివేయలేదు. ఆ వాక్యం పుట్టిందే అలాంటి ఇళ్ల కోసం. నువ్వు మిషన్ మీద కుడుతున్న జాకెట్లు 5వ వచనంలోని తోట లాంటివే. చెరలో నాటిన తోటలు. ఆయనకు ఉద్యోగం వచ్చేదాకా అన్నీ ఆపేసి కూర్చోకు.

మా సంఘంలోనూ కార్డులు ఇస్తారు, నేనూ తీసుకుంటాను. కార్డు ఇచ్చే సంప్రదాయాన్ని తప్పుపట్టను. కానీ కార్డు ఇచ్చే పెద్దలకు ఒక మనవి చేస్తుంటాను: వాక్యం కింద 'మొత్తం అధ్యాయం చదవండి' అని ఒక్క లైను వేయించండి అని. ఒక్క వచనాన్ని దాని చుట్టుపక్కల నుంచి తెంపితే ఏమవుతుందో సువార్తల్లోనే ఉంది. మత్తయి 4వ అధ్యాయంలో దేవాలయ శిఖరం మీద సాతాను యేసుకు చూపించింది బైబిల్ వాక్యమే, 91వ కీర్తన. తన దూతలకు ఆజ్ఞాపిస్తాడు, దూకు అన్నాడు. యేసు ప్రభువు ఆ కీర్తన తప్పనలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అని కూడా రాసి ఉంది కదా అన్నాడు. 'కూడా' అన్న ఆ మాట నాకు చాలా ఇష్టం. ఏ వాక్యాన్నయినా పట్టుకున్నప్పుడు ఇంకా ఏమి 'కూడా' రాసి ఉందో చూడాలి.

ఇప్పుడు ఫోన్ సంగతి. "పదిమందికి పంపకపోతే ఆశీర్వాదం పోతుంది" అన్న మాట దేవుడిది కాదు. ఏ సువార్తలోనూ, అపొస్తలులు రాసిన ఏ పత్రికలోనూ అలాంటి షరతు లేదు. భయపెట్టి చేయించే పనికి వాక్యం అని పేరు పెట్టారంతే. ఈరోజు నుంచి పంపకు. ఏమీ కాదు, నా పూచీ. నాలుగు గ్రూపుల్లో మూడింటిని మ్యూట్‌లో పెట్టు. నీ సంఘానిది ఒక్కటి చాలు, ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే తెలుస్తుంది.

ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క వాక్యం అన్న అలవాటు ఈనాటిది కాదమ్మా. జర్మనీలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు ఉండేవారు. వాళ్ల నాయకుడు జిన్‌జెన్‌డార్ఫ్ 1728 మే నెలలో మరుసటి రోజు కోసం అందరికీ ఒక మాట ఇచ్చాడు. ఆ తర్వాత రోజూ ఒక వాక్యాన్ని ఇంటింటికీ వెళ్లి చెప్పేవారు. 1731 నుంచి దాన్ని పుస్తకంగా అచ్చు వేస్తున్నారు, ఇప్పటికీ వస్తోంది. పాత నిబంధన వాక్యాన్ని చీటీ తీసి ఎంచుతారు, మన కార్డుల లాగే. దానికి తగ్గ కొత్త నిబంధన వాక్యాన్ని జత చేస్తారు. ఇందులో నన్ను కదిలించేది చీటీ కాదు, ఆ నడక. వాక్యాన్ని మోసుకుని ఒక మనిషి గుమ్మం ముందు నిలబడేవాడు. లోపల ఎవరు దగ్గుతున్నారో, పొయ్యి వెలిగిందో లేదో అతనికి కనపడకుండా ఉంటుందా? నీకు రోజూ నాలుగు గ్రూపుల్లో వాక్యాలు వస్తున్నాయి. వాటిని పంపినవాళ్లలో ఎంతమందికి మీ అత్తగారు మంచంలో ఉన్నారని తెలుసు?

రోజూ వాక్యం ఎలా చదవాలి అని అడిగావు కదా. నాకు నేర్పింది మా అమ్మ. ఆమె రెండో తరగతి వరకే చదివింది. అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు కానీ, కళ్లు ఆనవు. సాయంత్రం వసారాలో చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతుండేది. నేను పక్కన కూర్చుని బైబిల్ చదవాలి. ఒక వచనం చదవగానే "ఆగు" అనేది. ఆ వచనాన్ని తనలో తను అనుకుంటూ వేలితో బియ్యాన్ని ఇటు నుంచి అటు నెట్టేది. నల్ల రాయి కనపడితే తీసి పక్కన వేసేది. "మళ్లీ చదువు" అనేది. నాకు విసుగొచ్చేది, ఆడుకోడానికి పోవాలి కదా. చేటలో బియ్యం అయ్యేసరికి మేం చదివింది రెండు వచనాలో మూడో. మర్నాడు మళ్లీ అదే కీర్తన. ఆమె బైబిల్లో ఆ కీర్తన ఉన్న పేజీ అంచున పసుపు మరకలుండేవి, వంట మధ్యలో తడి చేత్తో తెరిచినవి.

చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను, 1వ కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు" అన్నచోట ఉన్న హీబ్రూ మాట 'హాగా' అని. దానికి గొణుక్కోవడం, లోలోపల పలుకుతూ ఉండటం అని అర్థం. యెషయా 31:4లో సింహం వేటను పట్టుకుని చేసే చప్పుడుకు అదే మాట వాడారు. అంటే ధ్యానమంటే కళ్లు మూసుకుని గంటసేపు కూర్చోవడమే అనుకోనక్కర్లేదు. నోట్లో మాట ఆడుతూ ఉంటే చాలు. మా అమ్మ చేట ముందు చేసింది అదే. నీ మిషన్ ముందు నువ్వూ చెయ్యగలవు.

పొద్దున నాలుగు వాక్యాలు చదివితే ఒక్కటీ గుర్తుండటం లేదన్నావు. అది నీ తప్పు కాదు. నాలుగు కూరలు ఒకేసారి నోట్లో పెట్టుకుంటే ఏ కూర రుచీ తెలియదు. ఒకే కీర్తన తీసుకో, వారమంతా అదే. 13వ కీర్తనతో మొదలుపెట్టు. అందులో ఆరే వచనాలు. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి, ఆదివారం ఆరూ కలిపి. ఒక కాగితం ముక్క మీద ఆరోజు వచనం రాసి మిషన్ మీద కనపడేలా అతికించు. దారం మార్చినప్పుడల్లా ఒకసారి చదువుకో. పాత తెలుగు పిల్లలకు అర్థం కాకపోతే తెలుగు సమకాలీన అనువాదం కూడా ఉంది, అందులోంచి చదివించు. నేనైతే రెండూ పక్కపక్కన పెట్టుకుంటాను.

13వ కీర్తన ఎందుకంటే, అది "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. మొదటి రెండు వచనాల్లో ఎన్నాళ్లు, ఎంతవరకు అని అడుగుతూనే ఉంటాడు. మా నాన్న జబ్బుపడినప్పుడు అమ్మ దీన్నే పట్టుకుంది. పక్కింటావిడ వచ్చి, అలా అనకూడదు, దేవుణ్ణి నిలదీసినట్టుంటుంది, అవిశ్వాసం అంది. అమ్మ చేట దించకుండానే "దావీదు అంటే కీర్తన, నేనంటే పాపమా?" అంది. ఆరోవచనానికి వచ్చేసరికి దావీదు పాడుతున్నాడు. కానీ మొదటి వచనం దాటకుండా ఆరోవచనానికి రాలేదు. నువ్వు కూడా సోమవారం నాడే శనివారం వచనం పాడాలని తొందరపడకు.

ఇంకో మూడు చోట్లు చెబుతాను. నీ ఇంటి సంగతి విన్నాక నాకు గుర్తొచ్చినవి. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క రోజు ఉండు.

రెండో రాజుల గ్రంథం 4వ అధ్యాయం. భర్త చనిపోయిన ఒకామె ఎలీషా ప్రవక్త దగ్గరికొచ్చింది. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా, నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. నూనెకుండ తప్ప ఏమీ లేదంది. ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, కొన్నే తెచ్చుకుని ఊరుకోకు అన్నాడు. ఈ కథలో మనం నూనె పొంగడాన్నే చూస్తాం. నేను ఆమె వీధిలో నడిచిన నడకను చూస్తాను. గుమ్మం గుమ్మం తిరిగి ఖాళీ గిన్నెలు అడిగిందంటే ఆమె ఇబ్బంది వీధంతటికీ తెలిసిపోయి ఉంటుంది. అప్పులో ఉన్నప్పుడు మనం మొదట మూసేది నోరే. అమ్మా, ఈ వారం మీ డ్వాక్రా గ్రూపు మీటింగ్‌కు తప్పకుండా వెళ్లు. వాయిదా కట్టలేదని ముఖం చాటేయకు. లీడర్‌కు ముందే ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఎంత కట్టగలవో చెప్పి గడువు అడుగు. ఫోన్‌లో క్షణాల్లో అప్పు ఇస్తామనే యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. ఇంకో మాట, ఎలీషా ఆమెతో నూనె అమ్మి మొదట అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. అప్పు తీర్చడం కూడా భక్తిలో భాగమే.

మొదటి రాజుల గ్రంథం 19. ఏలీయా ప్రవక్త కర్మెలు పర్వతం మీద అంత గొప్ప కార్యం చూసిన మనిషి. యెజెబెలు రాణి బెదిరించేసరికి అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని, నా ప్రాణం తీసెయ్యి ప్రభువా అన్నాడు. అలాగే పడుకుని నిద్రపోయాడు. దూత వచ్చి తట్టి లేపి, లేచి తిను అన్నాడు. తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చాడు. నీ శక్తికి మించిన ప్రయాణం నీకుంది, లేచి తిను అన్నాడు. అంత భక్తుడివి ఇలా అనొచ్చా అని ఒక్క మాట లేదు. రొట్టె, నిద్ర, మళ్లీ రొట్టె. నీ ఉత్తరంలో చివర్న ఒక్క ముక్క రాసి వదిలేశావు, రాత్రుళ్లు నిద్ర పట్టదని. దాన్ని నేను వదలను. రెండు వారాలకు పైగా నిద్ర లేకుండా ఉంటే, అన్నం సయించకపోతే, డాక్టరు దగ్గరికి వెళ్లు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లలేకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపేది, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఎప్పుడైనా చనిపోవాలనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆ నంబరుకు చెయ్యి, ఇంట్లో ఎవరికైనా చెప్పు. మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టు అని ఎవరైనా అంటే, పౌలు తన పక్కన ఉంచుకున్న లూకాను 'ప్రియుడైన వైద్యుడు' అని పిలిచాడని చెప్పు.

మూడోది మార్కు 9. కొడుకు జబ్బుతో విసిగిపోయిన తండ్రి. శిష్యుల దగ్గరికి తెస్తే వాళ్లవల్ల కాలేదు. అతను కన్నీళ్లతో అన్నమాట, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." ఒకే ఊపిరిలో రెండూ ఉన్నాయి చూడు, నమ్మకం, అపనమ్మకం. యేసు ప్రభువు అతన్ని, వెళ్లి విశ్వాసం పెంచుకుని రా అనలేదు. ఆ పిల్లవాణ్ణి అప్పుడే బాగుచేశాడు. ఇదే సంఘటనను మత్తయి 17వ అధ్యాయంలో చెప్పినప్పుడు ఆవగింజంత విశ్వాసం అన్నమాట వస్తుంది. నా విశ్వాసం చిన్నదా అని అడిగావు. పోపుడబ్బా తీసి ఒక్క ఆవగింజ వేలి కొనమీద పెట్టుకుని చూడు. ప్రభువు అడిగింది అంత. చిన్నదైతే కావచ్చు, నువ్వు దాన్ని పట్టుకుని నాకు ఉత్తరం రాసే దాకా వచ్చావు కదా.

ఇక మీ ఆయన. ఇది రాయడానికి కాసేపు ఆగాను. మా ఆయన పోయిన మూడో రోజున ఒకరు వచ్చి కుర్చీలో కూర్చుని రోమా 8:28 చెప్పారు. సమస్తమూ మేలుకే సమకూడి జరుగుతున్నాయన్న వాక్యం. ఆ వాక్యాన్ని నేనే ఎన్నోసార్లు సండే స్కూల్ పిల్లలకు కంఠస్థం చేయించాను. ఆ రోజు మాత్రం అది నా మీద రాయిలా పడింది. అదే రోజు మా వీధి చివరావిడ వచ్చింది. నాతో ఒక్క మాటా అనలేదు. వంటింట్లోకి వెళ్లి, వచ్చినవాళ్లకు కాఫీలిచ్చిన గ్లాసులన్నీ కడిగి, బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆరోజు నాకు వాక్యం చెప్పిందెవరంటే ఆవిడ పేరే చెబుతాను. రోమా 8:28 మీద నాకు కోపం లేదు, తర్వాత మళ్లీ దాని దగ్గరికి నేనే వెళ్లాను. కానీ అదే అధ్యాయంలో రెండు వచనాల ముందు, మాటలకందని మూలుగులతో ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని ఉంది. మొదట మూలుగు, ఆ తర్వాతే 28. పౌలు రాసిన వరుస అది.

అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల్ని మనం తిడతాం కానీ, మొదటి వారం వాళ్లు మంచిపనే చేశారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా పలకకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. నోరు విప్పాకే అంతా పాడైంది. మీ ఆయనకు వాక్యాలు పంపడం ఆపెయ్. ఉద్యోగం పోయిన మగవాడికి ప్రతి వాక్యం "నీకు విశ్వాసం చాలడం లేదు" అన్నట్టే వినపడుతుంది, నువ్వు ఎంత ప్రేమతో పంపినా. సాయంత్రం ఆయన పక్కన టీ గ్లాసుతో కూర్చో. ఉద్యోగం ఊసెత్తకు. మందిరానికి రమ్మని ఈ నెల అడగకు. ఇంట్లో కుటుంబ ప్రార్థన పిల్లలతో నువ్వే చెయ్యి, ఐదు నిమిషాలు చాలు, ఆయనకు వినపడేంత దూరంలో. ఆయన వచ్చి కూర్చుంటే జరిగి చోటివ్వు, రాకపోతే ఆయన పేరు చెప్పి ఇతర పేర్లతోపాటు మామూలుగా ప్రార్థించు. పాస్టరు గారు మంచి మనిషైతే, ప్రార్థన పెట్టడానికి కాకుండా ఊరికే ఒకసారి పలకరించి వెళ్లమని చెప్పు. వీలైతే ఉద్యోగాల సంగతి తెలిసిన సంఘ పెద్ద ఎవరినైనా వెంట తీసుకురమ్మను.

మీ అత్తగారి గురించి నువ్వు ఎక్కువ రాయలేదు. మంచంలో ఉన్నావిడకు చదివి వినిపించేవాళ్లు ఉండరు. నీకు తీరిక లేకపోతే పెద్ద పిల్లవాడిని ఆవిడ మంచం దగ్గర కూర్చోబెట్టి ఆరోజు వచనం ఒక్కటి చదివించు. ఆవిడ మాట స్పష్టంగా రాకపోయినా వింటుంది. నువ్వు చదవడం తప్పిపోయిన రోజున ఆ ఇంట్లో ఎవరో ఒకరు చదివినట్టూ అవుతుంది.

ఆ వాగ్దానం కార్డును పారేయకు. ఎక్కడ పెట్టావో నాకు తెలియదు, అద్దం పక్కనో, బైబిల్లోనో ఉంటుంది. దాని వెనకవైపు ఖాళీగా ఉంటే 5, 7, 10 వచనాలు నీ చేత్తోనే రాయి. చోటు చాలకపోతే చిన్న అక్షరాలతో రాయి. 13వ కీర్తన వారం అయిపోయాక మళ్లీ యిర్మీయా 29కి రా. రెండో వారం ఆ ఉత్తరాన్ని 4వ వచనం నుంచి 14వ వచనం దాకా చదువు, ఇంటిముందు అరుగు మీద కూర్చుని, కొంచెం పైకి.